వీసా వచ్చిందంటే వెళ్లినట్టేనా?

సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలో మా అపార్టుమెంటు కింది అంతస్తులో ఉండే పిన్నిగారు ఒక సాయంత్రం బట్టలషాపు కవరు పట్టుకుని పైకొచ్చారు. కవరు నిండా కాగితాలు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది, మూడు నెలల్లో పురుడు. "వీసా అయితే వచ్చేసింది బాబూ. ఇంక టికెట్ కొనుక్కుని ఎక్కడమేగా?" అన్నారు. అవునని చెప్పి టీ ఇచ్చి పంపేయొచ్చు. కానీ కవరు బోర్లించి చూస్తే ఆవిడ పేరు నాలుగు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, అదీ ఒక్క అక్షరంగా. పాన్ కార్డులో ఇంటిపేరు వెనక్కి పోయింది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. పాస్‌పోర్టు మెమోని అనుసరించింది. టికెట్ బుక్ చేద్దామని అల్లుడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లో అసలు ఇంటిపేరే లేదు.

అందుకని మొదట పేరు సంగతి తేల్చుకోవాలి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, పెట్టిన పేరు తర్వాత. రోజువారీ వాడుకలో ఇంటిపేరు ఒక పొడి అక్షరమై నిలబడుతుంది. పాస్‌పోర్టుకు ఈ పద్ధతి తెలియదు. దానికి రెండు గళ్లున్నాయి: పెట్టిన పేరుకొకటి, ఇంటిపేరుకొకటి. పొడి అక్షరాలు పనికిరావు, విడదీసి పూర్తిగా రాయాలి. ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో కలిసిన అక్షరాలుంటాయే, వరుసకు 44 చొప్పున, యంత్రం చదివేది దాన్నే. మన ఇంట్లో ఏమని పిలుస్తారో, శుభలేఖలో ఏం వేశారో దానికి పట్టదు. టికెట్ మీద పేరు, వీసా ఫారం మీద పేరు, ఇన్సూరెన్స్ మీద పేరు అన్నీ ఆ రెండు వరుసలకు సరిపోవాలి. ఆధార్ వేరుగా ఉన్నా డల్లాస్‌లో అడిగేవాడు లేడు. టికెట్ వేరుగా ఉంటే మాత్రం శంషాబాద్ విమానాశ్రయంలోనే చిక్కు.

ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. వాళ్ల పేరును అమెరికా వీసా మీద మొత్తంగా ఇంటిపేరు కింద వేసి, పెట్టిన పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని ముద్రిస్తారు. పేరు తెలియదు అని దాని అర్థం. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరున్న మనిషి అక్కడ బ్యాంకు ఖాతాలో, డ్రైవింగ్ లైసెన్సులో పేరు తెలియనివాడై తిరుగుతాడు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు 2022 నవంబరులో ఇంకో దెబ్బ తగిలింది. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. తర్వాత కొంత సడలించి, పాస్‌పోర్టు లోపలి పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే సరే అంది. కొత్తగా పాస్‌పోర్టు తీసుకునేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. దిద్దుబాటుకు మళ్లీ సేవా కేంద్రం మెట్లెక్కాలి. బోయిన్‌పల్లి వాళ్లకు బేగంపేట కేంద్రం దగ్గరే, ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సికింద్రాబాద్ ఎస్‌డీ రోడ్డులోనే ఉంది కాబట్టి దూరం పెద్ద బాధ కాదు. కాగితం దొరకడమే బాధ.

పుట్టిన తేదీ కాగితం విషయం మా పేటలో మరీ చిత్రం. పాత బోయిన్‌పల్లి నగరపాలక సంస్థది, కొత్త బోయిన్‌పల్లి కంటోన్మెంట్ బోర్డుది. జనన ధ్రువపత్రం మనం ఉండే ఇంటిని బట్టి రాదు, పుట్టిన ఆసుపత్రి ఎవరి హద్దులో ఉందో వాళ్లే ఇస్తారు. ఆ సంగతి తెలియక తప్పు ఆఫీసులో వరుస కట్టి, "మీ రికార్డు ఇక్కడ లేదమ్మా" అనిపించుకుని వచ్చినవాళ్లను చూశాను. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో నిబంధన తెచ్చారు. అంతకుముందు పుట్టినవాళ్లకు పదో తరగతి మెమో, పాన్ కార్డు లాంటివి ఇంకా పనికొస్తాయి.

ఇక పిన్నిగారి అసలు ప్రశ్న. వీసా వస్తే వెళ్లినట్టేనా?

వీసా అంటే ఆ దేశపు గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టడానికి అనుమతి. తలుపు తీసేది వేరే మనిషి. అమెరికా విషయంలో వీసా ఇచ్చేది కాన్సులేటు, అది వాళ్ల విదేశాంగ శాఖ కిందిది. విమానం దిగాక లోపలికి పంపేది సరిహద్దు రక్షణ విభాగం, అది ఇంకో శాఖ. మొదటివాళ్లు సరేనన్నారని రెండోవాళ్లు సరేననాలని లేదు. ఈ మధ్యలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరు విమాన సంస్థ కౌంటరు దగ్గరి మనిషి. అనుమతి లేనివాణ్ని తీసుకెళ్లి దించితే అతన్ని వెనక్కి తెచ్చే భారం సంస్థదే, పైన జరిమానా. అందుకే బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయి లగేజీ కంటే ముందు వీసా పేజీ చూస్తుంది. ఇంకొకరు మన ఇమిగ్రేషన్ అధికారి, వెళ్లేవాళ్లను కూడా ఆపి అడిగే హక్కు ఆయనకుంది. ఇన్ని కౌంటర్లలో అడిగేవి మాత్రం నాలుగు ప్రశ్నలే: ఎవరు నువ్వు? ఎందుకు పోతున్నావు? ఖర్చెవరిది? తిరిగి ఎప్పుడొస్తావు? నాలుగు చోట్లా జవాబు ఒకటే అయ్యుండాలి, నోటి మాటా చేతిలో కాగితమూ ఒకటే చెప్పాలి.

కాన్సులేటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2008లో హైదరాబాద్‌కు వచ్చినప్పుడు అమెరికా కాన్సులేటు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. బోయిన్‌పల్లి నుంచి ఆటోలో పోయి, తొమ్మిదింటి ఇంటర్వ్యూ ముగించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాళ్లు. 2023 మార్చి నుంచి అది నానక్‌రామ్‌గూడకు మారింది. ఇప్పుడు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం. వేలిముద్రలు, ఫొటో తీసే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉంది. రెండు రోజులు, రెండు చోట్లు. ముందురోజు తాడ్‌బండ్ ఆంజనేయస్వామికి చెప్పుకుని, అంతకుముందు చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణాలు చేసొచ్చేవాళ్లూ ఉన్నారు. వీసా వచ్చాక నూటెనిమిది బాకీ. నేను వద్దనను. కాకపోతే ఫారం నింపే పని మాత్రం స్వామికి వదలొద్దు. డీఎస్-160 అనే ఆ ఫారాన్ని కన్సల్టెన్సీ కుర్రాడి చేత నింపించి, అందులో ఏముందో చదవకుండా ఇంటర్వ్యూకి పోయేవాళ్లే ఎక్కువమంది. ఫారంలో ఉన్నదొకటి, నోటితో చెప్పిందొకటి అయితే అక్కడే అయిపోయింది.

అమెరికా చట్టంలో 214(బి) అనే సెక్షనుంది. వచ్చే ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికే వస్తున్నాడని అది ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం మనది. అధికారికి మన మీద కోపమేమీ ఉండదు. రెండు మూడు నిమిషాల్లో ఆయన తేల్చుకోవలసింది ఒకటే, ఈమెను వెనక్కి లాగే తాడు ఇక్కడ ఉందా అని. పిన్నిగారిని అడిగింది మూడే ప్రశ్నలట, తెలుగులోనే. హైదరాబాద్‌లో తెలుగులో ఇంటర్వ్యూ అడిగి తీసుకోవచ్చు. వచ్చీరాని ఇంగ్లీషుతో తడబడేకన్నా అది వెయ్యి రెట్లు మేలు. "ఎన్నాళ్లుంటారు?" అంటే "పురుడు పోసి మూడో నెల రాగానే వచ్చేస్తా, మా ఆయనకి షుగరు, ఒక్కడే ఉండలేడు" అన్నారట. వెనక్కి లాగే తాడు అదే. ఎవరూ నేర్పని జవాబు.

నేర్పిన జవాబులు చెప్పేది ఎక్కువగా విద్యార్థులు. మన పిల్లలు ఈ గుమ్మం దగ్గర తిన్న దెబ్బలు చాలా ఉన్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడ్డప్పుడు అందులో నమోదైన వందలాదిమంది భారతీయుల్లో అధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిన ఫొటోలు అప్పట్లో పేపర్లలో చూసినవాళ్లకు ఇంకా గుర్తుంటాయి. ఆ యూనివర్సిటీ స్థాపించినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థల్లో సీట్లొచ్చిన పిల్లలు కొందరు అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చారు. మరికొందరిని ఎయిరిండియా శంషాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. చేతిలో చెల్లే వీసా ఉంది, ఎక్కించే దిక్కు లేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. తరగతులు లేవు, పాఠాలు లేవు, ఉద్యోగం చేసుకోవడానికి విద్యార్థి హోదా మాత్రం దొరుకుతుంది. 129 మంది భారతీయులు పట్టుబడ్డారు. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి ఒకేరోజు 21 మందిని తిప్పి పంపారు, ఎక్కువమంది తెలుగువాళ్లు. ఫోన్లు, చాట్‌లు తెరిచి చూశారని తిరిగొచ్చిన పిల్లలు చెప్పారు.

చాట్‌లో ఏముంటుందని అడుగుతారా? "అన్నా, గ్యాస్ స్టేషన్‌లో గంటకెంతిస్తారు?" అని ఉంటుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్యాంపస్ బయట అలా పని చేయకూడదు. కాన్సులేటులో చదువుకోవడానికి పోతున్నానని చెప్పి, ఫోన్లో పని కోసం వెతుకుతుంటే, నాలుగు ప్రశ్నల్లో రెండోదానికి రెండు జవాబులైనట్టే. మూడోదానికీ అంతే. ఖాతాలో డబ్బు చూపించడానికి నాలుగు రోజులకు అప్పుగా తెచ్చి పెట్టే వ్యవహారం నగరంలో బాగానే నడుస్తోంది. ఫీజు కట్టేది ఎవరని దిగాక అడిగితే, ఖాతాలో ఉన్న సొమ్ము ఎప్పుడో వెనక్కి పోయిన కుర్రాడు నీళ్లు నములుతాడు. ఇంకో చిన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకన్నా ముందు కొత్త విద్యార్థిని దిగనివ్వరు. చవగ్గా దొరికిందని ముందు తేదీకి టికెట్ కొంటే దాంతోనే వెనక్కి రావలసి ఉంటుంది.

పిన్నిగారి కవరులోంచి పాస్‌పోర్టు తీసి వీసా పేజీ చూపించాను. పదేళ్లకిచ్చారు. "అంటే పదేళ్లు ఉండొచ్చన్నమాట" అన్నారు నవ్వుతూ. నవ్వుతూ అన్నా, నిజంగా అలా అనుకునేవాళ్లు తక్కువేం కాదు. పదేళ్లనేది తలుపు కొట్టడానికి గడువు. లోపల ఎన్నాళ్లుండాలో దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తాడు, ఐ-94 అనే రికార్డులో ఆ తేదీ ఉంటుంది. తల్లిదండ్రులకు మామూలుగా ఆరు నెలలిస్తారు. పాస్‌పోర్టు అంతకు ముందే ముగిసేట్టుంటే ఆ తేదీ వరకే ఇచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడది కాగితం మీద ఇవ్వరు, దిగిన తర్వాత వెబ్‌సైట్లో చూసి ప్రింటు తీసుకోవాలి. ఆ తేదీ ఒక్కరోజు దాటినా పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఉండి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అటువైపు చూడనివ్వరు. మనవణ్ని వదలలేక ఇంకో నెల ఉందామనుకునే అమ్మమ్మలు గడువు లోపలే పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంతసేపూ అమెరికా గురించే చెప్పుకున్నాం. కానీ తెలుగు నేల నుంచి విదేశం అంటే మొదట గుర్తుకు రావలసింది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి మగవాళ్లు, కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి ఆడవాళ్లు. వీళ్లకు పరాయి దేశం గుమ్మం కంటే ముందు మన గుమ్మమే ఒకటుంది. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, వలసకు అనుమతి కావాలని అర్థం. 1983 నాటి వలసల చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో నమోదై, వలసదారుల సంరక్షక అధికారి అనుమతి ఉంటేనే శంషాబాద్‌లో దాటనిస్తారు. ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, అతను తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. పది లక్షల బీమా తప్పనిసరి.

ఇదంతా తలనొప్పి అని దొంగదారి చూపించే ఏజెంట్లు చెప్పే మాట "విజిట్ మీద పోయి అక్కడ మార్చుకో". 'ఆజాద్ వీసా' అనేదీ అలాంటిదే. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసాకు హామీ ఉన్న యజమాని, దగ్గర పని, నిజానికి ఎక్కడ దొరికితే అక్కడ. చట్టం దృష్టిలో అలాంటి వీసా ఏదీ లేదు. కఫీల్ పేరొకటి, పని చేసే చోటొకటి అయిన రోజున మనిషి 'కల్లివెల్లి', అంటే చట్టం లెక్కలో లేనివాడు, అయిపోతాడు, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసే వీలుండదు. ఎవరికీ చెప్పుకోలేని మనిషి యజమానికి చవగ్గా దొరుకుతాడు, అందుకే ఈ దందా ఆగదు. 2024లో కంబోడియా సైబర్ మోసాల గుహల్లో చిక్కుకున్న విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్ల కథ కూడా ఇలాగే మొదలైంది. డేటా ఎంట్రీ ఉద్యోగం అన్నారు, చేతిలో పెట్టింది టూరిస్టు వీసా. ఎందుకు పోతున్నావనే ప్రశ్నకు వీసా ఒక జవాబు, ఏజెంటు ఇంకో జవాబు చెబుతుంటే విమానం ఎక్కకముందే ఆగిపోవాలి.

వీసా అక్కర్లేని దేశాల మాటేమిటంటారు పక్కవీధి కొత్తజంట. థాయ్‌లాండ్, మలేసియా భారతీయులకు వీసా లేకుండానే కొన్నాళ్లు ఉండనిస్తున్నాయి. ఈ సడలింపులు మారుతూంటాయి గనుక టికెట్ కొనేముందు ఆ దేశపు అధికారిక సైటే చూడాలి, ట్రావెల్స్ వాడి స్టేటస్ కాదు. వీసా లేదన్నా నాలుగు ప్రశ్నలు పోవు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ అడుగుతారు. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో నింపే ఆగమన కార్డు ఒకటి, మలేసియాకూ సింగపూర్‌కూ ముందునుంచే ఉంది, థాయ్‌లాండ్ 2025 మే నుంచి పెట్టింది. ఉచితంగా నింపే దానికి డబ్బులడిగే నకిలీ సైట్లు బోలెడు. నేపాల్‌కు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. అయితే 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ చెల్లదు. ఖాట్మండు పోదామని ఆధార్‌తో వచ్చి కౌంటరు దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. ఆఫ్రికాలో చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కాగితం కావాలి. నారాయణగూడలోని ఐపీఎం (నివారణ వైద్య సంస్థ)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయిస్తే జీవితాంతం చెల్లుతుంది. యూరప్ షెంగెన్ వీసాకు 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా. ఏ 180 రోజుల్లో లెక్క చూసినా 90కి మించి ఉండకూడదు. లెక్క తప్పితే చెప్పేది ఇప్పుడు స్టాంపు కాదు, 2025 అక్టోబరులో మొదలుపెట్టిన వేలిముద్రల వ్యవస్థ.

పిన్నిగారు ఇవన్నీ ఓపిగ్గా విని, అసలు పని మీదికి వచ్చారు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఏం పెట్టాలి? జాబితా చదివారు: బాలింతకు కాయం, గోంగూర మటన్ పచ్చడి, ఎండు కరివేపాకు, ఆ పక్కనే పచ్చిదీ, కొత్త బియ్యం రెండు కిలోలు, గసగసాలు.

మాంసం పచ్చడి తీసేశాం, అమెరికాకు మనదేశం నుంచి మాంసం పదార్థాలు పోవు. పచ్చి కరివేపాకు కూడా పోదు, నిమ్మజాతి తోటలను నాశనం చేసే పురుగు దాన్నంటుకుని వస్తుందని భయం. బియ్యంలో ఖాప్రా పురుగు ఉంటుందని బియ్యాన్నీ ఆపేస్తారు. ఇవి దాచుకుని పట్టుబడితే జరిమానా, చూపించి చెబితే తీసి చెత్తబుట్టలో వేస్తారు, అంతే. గసగసాల దగ్గర మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "గసగసాలకేం? మసాలాలో చిటికెడు." విమానం దోహా మీదుగా పోతోంది కదా అన్నాను. యూఏఈ, ఖతర్, సౌదీ, సింగపూర్‌లలో గసగసాలు నిషేధం, అక్కడ వాటిని మత్తుపదార్థం కిందే చూస్తారు. దారిలో ఒక్క గంట ఆగినా ఆ దేశపు చట్టం కిందే ఉన్నట్టు. ఆవిడ పొట్లం తీసి నా బల్ల మీద పెట్టారు. మసాలా వంకాయకు మాకు పనికొచ్చింది.

వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి ఇంకో మాట అడిగారు. కూతురూ అల్లుడూ వచ్చే సంక్రాంతికి పిల్లవాణ్ని తీసుకుని ఇక్కడికి వస్తామంటున్నారట. వాడికి అమెరికా పాస్‌పోర్టు వస్తే ఇండియా రావడానికి వీసా తీసుకోవాలి, లేదంటే ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు చేయించాలి, దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టమనండి అన్నాను. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి.

"నా మనవడికి బోయిన్‌పల్లి రావడానికి వీసానా?" అన్నారు పిన్నిగారు. రెండు మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగారు. "సరేగానీ బాబూ, వాడి పాస్‌పోర్టులో మా అల్లుడి ఇంటిపేరు ఏ గడిలో రాయమని చెప్పాలి?"